మెడలోకి దిగే సూది

మెడ నొప్పికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్‌ను జబ్బకో పిరుదుకో వేసే మామూలు సూదితో పోల్చడానికి లేదు. ఎక్స్‌రే తెర మీద సూది మొనను చూసుకుంటూ, మెడ వెన్నుపూసల మధ్య, వెన్నుపాముకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలో మందు వదిలే చికిత్స ఇది. పెద్ద ఊళ్ల ఆసుపత్రుల్లో మత్తు డాక్టర్లు, నొప్పి చికిత్స నిపుణులు, న్యూరో సర్జన్లు దీన్ని చేస్తున్నారు. ఆపరేషన్‌కు భయపడేవారికి ఇది సులువైన దారిలా కనిపిస్తుంది. ఒక రకం మెడ నొప్పికి ఇది కొన్నాళ్లు నిజంగానే ఉపశమనం ఇస్తుంది. మిగతా రకాలకు పెద్దగా ఉపయోగపడదు. అందుకే సూది గురించి ఆలోచించే ముందు, ఆ నొప్పి ఏ రకానిదో తేలాలి.

మెడలో ఏడు వెన్నుపూసలు ఉంటాయి. పైనున్న మొదటి రెండింటి మధ్య తప్ప, ఒక్కో పూసకీ దాని కింది పూసకీ మధ్య ఒక డిస్కు ఉంటుంది. చుట్టూ గట్టి పీచు పొరలు, నడుమ మెత్తని గుజ్జు. వెన్నుపాము నుంచి ఎనిమిది జతల నరాలు మెడ దగ్గర బయటికి వస్తాయి. వీటిలో కింది నాలుగు, ఛాతీ భాగంలోని మొదటి నరంతో కలిసి, భుజాల మీదుగా చేతుల్లోకి దిగుతాయి. వయసు పెరిగేకొద్దీ గుజ్జులో నీరు తగ్గి డిస్కు ఎత్తు తగ్గుతుంది. పూసల అంచుల వెంట చిన్న చిన్న ఎముక కొమ్ములు మొలుస్తాయి. ఇళ్లలో 'మెడ ఎముకలు అరిగాయి' అనేది, చీటీల మీద స్పాండిలోసిస్ అని కనిపించేది ఈ మార్పునే. ఎముక కొమ్ము పెరిగి నరం బయటికి వచ్చే రంధ్రం ఇరుకైనా, డిస్కు పొర చిట్లి గుజ్జు బయటికి పొడుచుకొచ్చినా నరం మొదలు దగ్గర ఒత్తిడి మొదలవుతుంది. ఇది ఎక్కువగా కనిపించేది ఐదు, ఆరు పూసల మధ్య; ఆరు, ఏడు పూసల మధ్య. తల వంగినా తిరిగినా ఎక్కువగా కదిలే చోట్లు అవే.

నరం నుంచి పుట్టే నొప్పికి ఒక తీరు ఉంటుంది. మెడ కంటే చెయ్యే ఎక్కువ బాధపెడుతుంది. కరెంటు షాకు కొట్టినట్టు భుజం నుంచి వేళ్ల దాకా లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది. ఆరో నరం దెబ్బ తింటే బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారతాయి. ఏడో నరమైతే నడివేలు మొద్దుబారి, మోచేతిని చాపే కండ బలం తగ్గుతుంది. ఎనిమిదోదైతే చిటికెనవేలి వైపు తెలుస్తుంది. కొందరు నొప్పి ఉన్న చేతిని ఎత్తి తల మీద పెట్టుకుని కూర్చుంటారు. అలా పెడితే నరం కాస్త వదులై ఉపశమనం కలుగుతుంది. రోగి తనకు తానే కనిపెట్టుకున్న ఈ భంగిమ నొప్పి మూలం ఎక్కడుందో డాక్టరుకు చాలావరకు చెప్పేస్తుంది.

దీనికి భిన్నంగా, మెడ వెనక పట్టేసినట్టు ఉండి, భుజాల మధ్యకు మాత్రమే పాకి, చేతిలోకి దిగని నొప్పి ఉంటుంది. చాలామంది బాధపడేది దీనితోనే. కండరాల నుంచో, పూసల వెనక ఉండే చిన్న కీళ్ల నుంచో, డిస్కు నుంచో అది రావచ్చు. చాలాసార్లు మూలం ఇదీ అని వేలు పెట్టి చూపలేం. ఎమ్మారై ఇక్కడ సాయం చేసినట్టే చేసి దారి తప్పిస్తుంది. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎమ్మారై తీస్తే 87.6 శాతం మందిలో డిస్కులు ఉబ్బి కనిపించాయి. వాళ్లలో ఇరవై ఏళ్ల ప్రాయంలో ఉన్నవాళ్లూ ఉన్నారు. రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అన్న మాట కనబడగానే గుండె జారిపోవాల్సిన అవసరం లేదు. దాని కోసమే సూది వేయించుకోవాల్సిన అవసరం అంతకన్నా లేదు. చేతిలో తిమ్మిరి ఏ నరం దారిలో ఉందో, ఎమ్మారైలో ఒత్తిడి కూడా అదే నరం మీద కనిపిస్తోందో లేదో సరిచూడాలి. రెండూ కలిసినప్పుడే ఆ చిత్రానికి విలువ.

స్టెరాయిడ్ మందుల కథ 1948లో మొదలవుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి కార్టిజోన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, ఎడ్వర్డ్ కెండల్‌కు, తాడ్యూష్ రైక్‌స్టైన్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. వెన్నుపాము పొరల బయట ఉండే ఖాళీలోకి, అంటే ఎపిడ్యూరల్ జాగాలోకి, సూదితో మందు పంపడం అంతకంటే పాతది. పారిస్‌లో సికార్, కాథలిన్ అనే ఇద్దరు వైద్యులు 1901లోనే ఎవరికి వారు తోక ఎముక వైపు నుంచి ఆ జాగాలోకి కొకైన్ పంపి చూశారు. ఈ రెండు దారులూ 1950ల తొలినాళ్లలో కలిశాయి. ఇటలీలో రొబెక్కి, కాప్రా నడుము నరానికి హైడ్రోకార్టిజోన్ ఎక్కించిన సంగతి 1952లో అచ్చయింది. నడుము నొప్పికి, కాలిలోకి లాగే సయాటికాకు అలవాటైన ఈ పద్ధతి మెడ దాకా ఎక్కడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మెడ దగ్గర జాగా ఇరుకు, పక్కనే వెన్నుపాము. జంకడానికి తగిన కారణమే ఉంది.

స్టెరాయిడ్ అక్కడ చేసే పని ఏమిటి? నరం నొప్పి అంతా నొక్కుడు వల్లనే వస్తుందని చాలాకాలం అనుకున్నారు. డిస్కులోంచి బయటపడ్డ గుజ్జులో ఫాస్ఫోలైపేస్ ఏ2 లాంటి ఘాటైన రసాయనాలు ఉంటాయని తర్వాత తెలిసింది. గుజ్జు నరాన్ని నొక్కకపోయినా, తగిలితే చాలు, నరం వాచి మండుతుంది. వాచిన నరం చిన్న ఒత్తిడికే కేకలు పెడుతుంది. స్టెరాయిడ్ ఈ వాపును తగ్గిస్తుంది, నరం నొప్పి సంకేతాలు పంపే జోరును కూడా అణుస్తుంది. గుజ్జును వెనక్కి నెట్టదు, ఎముక కొమ్మును కరిగించదు, అరిగిన డిస్కును నింపదు. 'గుజ్జు పెరగడానికి ఇంజక్షన్' అని ఎవరైనా చెబితే అది అబద్ధం.

మరి నరం పూర్తిగా ఎలా కోలుకుంటుంది? ఎక్కువమందిలో ఆ పని శరీరమే చేస్తుంది. బయటికొచ్చిన గుజ్జును రక్తకణాలు నెమ్మదిగా తినేస్తాయి. అమెరికాలోని రోచెస్టర్ పట్టణంలో 1976 నుంచి 1990 వరకు మెడ నరం నొప్పి వచ్చిన 561 మంది వివరాలను వైద్యులు పరిశీలించారు. వారిలో నాలుగో వంతు మందికి ఆపరేషన్ అవసరమైంది. సగటున ఐదేళ్ల తర్వాత చూస్తే నూటికి తొంభై మందికి బాధ లేదు, లేదా కొద్దిగానే ఉంది. అంటే ఈ జబ్బుకు కాలమే సగం వైద్యం. ఆ కాలం గడిచేదాకా రాత్రుళ్లు నిద్ర పట్టక, చెయ్యి కదపలేక, మాత్రలకు లొంగని నొప్పితో అల్లాడేవారికి ఇంజక్షన్ మధ్యలో ఒక ఆసరా. దానికి అంతకు మించిన పాత్ర కట్టబెడితేనే నిరాశ మొదలవుతుంది.

మెడకు వేసే సూదులన్నీ ఒకటి కావు. ఎపిడ్యూరల్‌లోనే రెండు దారులున్నాయి. ఒకటి మెడ వెనక నుంచి నేరుగా, రెండు పూసల నడుమ సందులోంచి లోపలికి పోవడం. రెండోది పక్క నుంచి, నరం బయటికి వచ్చే రంధ్రం దగ్గరికి చేరడం. రెండోదానిలో మందు సరిగ్గా జబ్బు నరం మీదే పడుతుంది. కానీ మెదడుకు, వెన్నుపాముకు రక్తం తీసుకెళ్లే ధమనులు అక్కడే ఉంటాయి. అందుకే మెడ విషయంలో చాలామంది నిపుణులు మొదటి దారినే ఎంచుకుంటారు.

ఇవి కాక, పూసల వెనక ఉండే చిన్న కీళ్లలోకి స్టెరాయిడ్ ఎక్కించే పద్ధతి ఉంది. కారు ప్రమాదంలో మెడ విసురుగా ఊగి నెలల తరబడి నొప్పి పడేవారికి ఒకప్పుడు దీన్ని విరివిగా చేశారు. ఆస్ట్రేలియాలో నికొలాయ్ బొగ్డుక్ బృందం 1994లో 41 మంది మీద దీన్ని నిగ్గు తేల్చింది. కొందరికి కీలులోకి స్టెరాయిడ్, మిగతావారికి మొద్దుబార్చే మందు మాత్రమే ఇచ్చారు. రెండు జట్లలోనూ సగం మందికి మూడు నాలుగు రోజుల్లోనే నొప్పి తిరిగొచ్చింది. తేడా ఏమీ లేదు. ఆ బృందమే రెండేళ్ల తర్వాత ఇంకో దారి చూపింది. కీలు నుంచి నొప్పిని మోసుకెళ్లే సన్నని నరాన్ని రేడియో తరంగాల వేడితో కాల్చారు. నొప్పి సగం మేరకు తిరిగి రావడానికి, సరాసరిన, ఉత్తుత్తి చికిత్స పొందినవారికి ఎనిమిది రోజులు పడితే, వీరికి 263 రోజులు పట్టింది. ఇక మెడ, భుజాల కండరాల్లో గట్టిపడిన ముడుల్లోకి వేసే సూదుల్లో అసలు పని సూది గుచ్చడం వల్లా, మొద్దుబార్చే మందు వల్లా జరుగుతుంది. వాటికి స్టెరాయిడ్ చేర్చితే వచ్చే లాభం నామమాత్రమే.

ఎపిడ్యూరల్ ఇంజక్షన్ జరిగే తీరు ఇలా ఉంటుంది. రోగిని బోర్లా పడుకోబెడతారు, లేదా ముందుకు వంచి కూర్చోబెడతారు. మెడ వెనక చర్మాన్ని మందుతో తుడిచి, సన్న సూదితో మొద్దుబారుస్తారు. ఆపరేషన్ బల్ల చుట్టూ అర్ధచంద్రాకారంలో తిరిగే సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం సూది ప్రయాణాన్ని తెర మీద చూపిస్తుంది. మెడ చివర ఏడో పూసకూ, ఛాతీ మొదటి పూసకూ మధ్య నుంచి సూది వెళుతుంది. మెడ భాగంలో ఎపిడ్యూరల్ జాగా కాస్త వెడల్పుగా ఉండేది అక్కడే. పైకి వెళ్లేకొద్దీ అది మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లకు సన్నబడుతుంది. సూది వెనక సిరంజిలో ఉప్పునీరో గాలో పెట్టి మెల్లగా ఒత్తుతూ లోపలికి పోతారు. గట్టి పొర దాటగానే ఒత్తిడి చటుక్కున వదులవుతుంది. అదే గుర్తు. ఆ తర్వాత ఎక్స్‌రేలో కనిపించే రంగు ద్రవం కొద్దిగా వదిలి, అది రక్తనాళంలోకి పోవడం లేదనీ, వెన్ను ద్రవంలో కలవడం లేదనీ రూఢి చేసుకుంటారు. అప్పుడు అసలు మందు. మొత్తం పావుగంట నుంచి అరగంట పని.

ఈ సమయంలో రోగి మెలకువగా ఉండటం చాలా ముఖ్యం. సూది నరానికో వెన్నుపాముకో తగిలితే ముందుగా తెలిసేది రోగికే. చేతిలో ఒక్కసారిగా షాకు కొట్టినట్టయితే వెంటనే చెప్పగలగాలి. భయపడే రోగికి పూర్తిగా మత్తిచ్చి పని కానిచ్చేస్తే ఆ హెచ్చరిక నోరు మూసుకుపోతుంది. కాస్త ఆందోళన తగ్గించే మందు వరకు ఫరవాలేదు.

ఇంజక్షన్ అయ్యాక గంటో రెండు గంటలో ఉంచి, ఆ పూటే ఇంటికి పంపిస్తారు. ఆ రోజు బండి నడపకూడదు. మొద్దుబార్చే మందు కూడా కలిపి ఉంటే మొదటి కొన్ని గంటలు హాయిగా ఉంటుంది. దాని ప్రభావం పోగానే నొప్పి తిరిగొస్తుంది, ఒక్కోసారి మునుపటి కంటే ఎక్కువగా. సూది పని చేయలేదని ఇక్కడే చాలామంది బెంగ పెట్టుకుంటారు. స్టెరాయిడ్ పని మొదలుకావడానికి రెండు రోజుల నుంచి వారం పడుతుంది. పని చేస్తే ఉపశమనం కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు నిలుస్తుంది. నొప్పి పదికి ఎంత ఉందో రోజూ ఒక కాగితం మీద రాసుకుంటే, తర్వాతి నిర్ణయానికి జ్ఞాపకం కంటే ఆ కాగితమే పనికొస్తుంది. నొప్పి తగ్గిన ఆ వారాల్లోనే ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి. అంతవరకు కదపలేకపోయిన మెడ, భుజం కండరాలకు బలం వచ్చేది అప్పుడే. ఆ అదను పోగొట్టుకుంటే సూదికి పడ్డ శ్రమలో సగం వృథా.

ఇంత చేసినా దీని ఫలితం గురించి వైద్యలోకంలో ఏకాభిప్రాయం లేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2025లో ప్రచురించిన సమీక్ష నడుము నుంచి కాలిలోకి లాగే నొప్పికి ఈ ఇంజక్షన్లు కొద్ది కాలం, కొద్ది మేరకు మేలు చేయవచ్చని చెప్పింది. మెడ విషయంలో మాత్రం ఏదో ఒకటి తేల్చడానికి సరిపడా పరిశోధనలే లేవంది. అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఇంకా కటువుగా ఉన్నాయి. మూడు నెలలకు మించి వేధించే వెన్ను నొప్పులకు, క్యాన్సర్ వల్ల వచ్చినవి తప్ప, ఈ తరహా సూదులు వద్దని గట్టిగా సిఫారసు చేశాయి. నొప్పి చికిత్స నిపుణుల సంఘాలు దాన్ని ఒప్పుకోలేదు. రకరకాల నొప్పులను ఒకే గాటన కట్టారని వారి అభ్యంతరం. రెండు వైపుల వాదన విన్నాక మిగిలేది ఇంత: చేతిలోకి లాగే కొత్త నొప్పి, అయిదారు వారాలు మందులు, వ్యాయామం చూసినా లొంగనిది, ఎమ్మారైతో సరిపోలినది అయితే ఒకసారి ప్రయత్నించడంలో అర్థముంది. ఏళ్ల తరబడి మెడ వెనక మాత్రమే ఉండే నొప్పికి ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇవ్వడానికి ఆధారం చాలా బలహీనం.

ప్రమాదాల విషయంలో మాత్రం దాపరికం పనికిరాదు. సూది పొరను చీల్చి వెన్ను ద్రవం కారితే, లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తుంది. చాలావరకు దానంతటదే తగ్గుతుంది. రక్తస్రావం, చీము పట్టడం అరుదు, కానీ వస్తే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుంది. అన్నిటికంటే భయంకరమైనది, పక్క దారిలో వెళ్లే ఇంజక్షన్‌లో మందు పొరపాటున ధమనిలోకి పోవడం. ట్రయాంసినోలోన్, మిథైల్‌ప్రెడ్నిసోలోన్ వంటి మందులు నీటిలో పూర్తిగా కరగవు; వాటి రేణువులు గుమిగూడితే ఎర్ర రక్తకణం కంటే పెద్దవవుతాయి. అవి వెన్నుపాముకో మెదడుకో వెళ్లే సన్న నాళాన్ని మూసేస్తే పక్షవాతం, చూపు పోవడం, ప్రాణాపాయం కూడా జరిగాయి. ఈ ఘటనలను చూసి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014 ఏప్రిల్‌లో హెచ్చరిక జారీ చేసింది. ఎపిడ్యూరల్ జాగాలో వాడటానికి ఏ స్టెరాయిడ్‌కూ తమ అనుమతి లేదని కూడా అప్పుడే గుర్తుచేసింది. వైద్యులు దీన్ని తమ విచక్షణ మేరకు వాడుతున్నారన్నమాట. మరుసటి ఏడాది నిపుణుల సంఘాలన్నీ కలిసి కట్టుబాట్లు పెట్టుకున్నాయి. మెడ వెనక దారిలో ఆరు, ఏడు పూసల సందు దాటి పైకి పోకూడదు. సూది వేసే ముందు ఎమ్మారై చూసి అక్కడ జాగా ఉందని నిర్ధారించుకోవాలి. ఎక్స్‌రే, రంగు ద్రవం తప్పనిసరి. మెడలో పక్క దారిన వెళితే రేణువుల స్టెరాయిడ్ వాడకూడదు. పూర్తిగా కరిగే డెక్సామెథసోన్ వాడాలి. సూది వేయించుకోబోయేవారు ఏ దారిన వేస్తారు, ఏ మందు వేస్తారు అని అడగడం డాక్టరును శంకించడం కాదు.

మందు శుభ్రత కూడా ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భం ఉంది. 2012లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఫ్రామింగ్‌హామ్‌లోని న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ తయారుచేసిన మిథైల్‌ప్రెడ్నిసోలోన్ సీసాల్లో బూజు చేరింది. సుమారు 14 వేల మందికి ఆ మందు ఎక్కింది. ఇరవై రాష్ట్రాల్లో 753 మంది జబ్బుపడ్డారు, 64 మంది చనిపోయారు. ఎక్కువమందికి వచ్చింది మెదడు, వెన్నుపాము పొరల వాపు, అంటే మెనింజైటిస్. వెన్ను దగ్గరికి పంపే మందుకు తయారీ దగ్గర్నుంచే శుభ్రత ఎంత ముఖ్యమో ఆ మరణాలు చూపించాయి.

స్టెరాయిడ్ మెడలో వేసినా ఒళ్లంతా తిరుగుతుంది. ముఖం ఎర్రబడి వేడెక్కడం, ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం మామూలే. షుగర్ ఉన్నవారికి రక్తంలో చక్కెర కొన్ని రోజులపాటు, ఒక్కోసారి వారం దాకా, ఎగబాకుతుంది. ఇంటింటా షుగర్ వినిపిస్తున్న తెలుగు నేల మీద దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చక్కెర అదుపులో లేకుండా సూది వేయించుకోకూడదు, వేయించుకున్నాక గ్లూకోమీటరుతో రోజూ చూసుకోవాలి. ఇన్సులిన్ మోతాదు ఎలా మార్చాలో ముందే డాక్టరును అడిగి ఉంచుకోవాలి. హెచ్‌ఐవీకి రిటోనవిర్ వాడేవారిలో కొన్ని స్టెరాయిడ్లు శరీరంలోంచి పోకుండా పేరుకుపోతాయి కనుక ఆ మాట ముందే చెప్పాలి.

ఇంకో లెక్క చాలామంది చెప్పడం మరచిపోతారు. ఊళ్లలో కీళ్ల నొప్పికి, ఆయాసానికి, దురదకు 'డెక్సా' సూది వేయించుకోవడం పాత అలవాటు. పేరు లేని పొట్లాల్లో దొరికే నొప్పి మాత్రల్లోనూ స్టెరాయిడ్ ఉండవచ్చు. మోకాలికి ఒకటి, భుజానికి ఒకటి, మెడకు ఒకటి అని వేరువేరు చోట్ల వేయించుకున్నవీ ఇదే ఖాతాలో పడతాయి. మోతాదు పెరిగేకొద్దీ మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానుకుంటాయి, ఎముకలు బోలవుతాయి, తుంటి కీలుకు రక్తం అందక ఎముక చచ్చుబడే ప్రమాదమూ ఉంది. ఏడాదికి మూడు నాలుగు ఎపిడ్యూరల్‌లకు మించకూడదని చాలామంది వైద్యులు పాటించే హద్దు, మిగతా సూదులన్నిటినీ కలుపుకుని చూడాల్సినది.

ఒంట్లో జ్వరం, చీము, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ సూది వేయరు. రక్తం పలచబరిచే మందులు వాడేవారి సంగతి ముందే తేల్చుకోవాలి. క్లోపిడోగ్రెల్ అయితే సాధారణంగా వారం ముందు, వార్ఫరిన్ అయితే అయిదు రోజుల ముందు ఆపి, రక్త పరీక్ష చూసి వేస్తారు. గుండెలో స్టెంటు ఉన్నవారు సొంతంగా ఆ మాత్ర మానేస్తే మెడ నొప్పి కోసం గుండెను పణంగా పెట్టినట్టే. గుండె డాక్టరు ఒప్పుకున్నాకే ఆపాలి.

సూదితో కాలయాపన చేయకూడని స్థితి ఒకటుంది. చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోవడం, చేతిరాత చెదరడం, నడకలో కాళ్లు తూలడం, మూత్రం మీద పట్టు తప్పడం వెన్నుపామే నలుగుతోందనడానికి గుర్తులు. చాలాసార్లు నొప్పి పెద్దగా ఉండదు కూడా. అలాంటివారికి కావలసింది న్యూరో సర్జన్. చేతి బలం రోజురోజుకూ తగ్గిపోతున్నవారికీ అంతే. దెబ్బ తగిలాక వచ్చిన నొప్పికి, క్యాన్సర్ ఉన్నవారి నొప్పికి, జ్వరంతోనో బరువు తగ్గుతూనో వచ్చే నొప్పికి ముందు కారణం వెతకాలి.

మొదటి సూదితో నొప్పి సగానికి పైగా తగ్గి, రెండు మూడు నెలలు నిలిచి, మళ్లీ మొదలైతే రెండోసారి వేయడం సమంజసమే. మొదటిదే పని చేయకపోతే, వరసగా మూడు వేస్తే గుణం కనిపిస్తుందన్న మాటకు ఆధారం లేదు. అప్పుడు రోగ నిర్ధారణనే మళ్లీ పరిశీలించాలి. నొప్పి భుజం కీలుదో, మణికట్టు దగ్గర నలిగిన నరానిదో కావచ్చు. నిర్ధారణ సరైనదే అయితే, మెడ ముందు వైపు నుంచి డిస్కును తీసి నరాన్ని వదులు చేసే ఆపరేషన్ గురించి సర్జన్‌తో మాట్లాడాల్సిన సమయం అది.